గ్లాడియోలస్ పైరు: దుంప అసలు, పువ్వు వడ్డీ

మెట్ట గ్రామములలో నీ మధ్య నొక క్రొత్త మాట వినవచ్చుచున్నది. గ్లాడియోలస్ అను పూలపైరు నీరక్కఱలేని పైరనియు, ఎండలకు బెదరదనియు, వేరుసెనగ పండని చోట గూడ పండుననియు దుంపలమ్మువారు చెప్పుచున్నారు. సంఘపు సమావేశములలో రైతులు ఈ విషయమై మమ్ము తఱచుగ ప్రశ్నించుచున్నారు. "పట్నములో కాడకింత యని లెక్కగట్టి కొనుచున్నారట, మనకా లాభ మేల రాదు?" అని కొందఱు, "తినుటకు పనికిరాని పువ్వుకొఱకు అప్పు చేయుదుమా?" అని కొందఱు. ఈ రెండు ప్రశ్నలకును మా యనుభవమునకు వచ్చినంతలో బదులు చెప్పుట మా విధి యని తలంచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా అభిప్రాయమును ముందే చెప్పెదము. గ్లాడియోలస్ మెట్టరైతునకు తగని పైరు కాదు. కాని దాని ధనము కంటికి కనబడు పువ్వులో లేదు, మట్టిలో కనబడక యున్న దుంపలో నున్నది. దుంప అసలు, పువ్వు వడ్డీ. వడ్డీకి ఆశపడి అసలును పోగొట్టుకొనువాడు ఏటేట దుంపలకై అప్పు చేయుచునే యుండును. అసలును కాపాడుకొనువాడు కొన్ని యేండ్లలో దుంపలు కొననక్కఱలేని స్థితికి వచ్చును. ఈ కాపాడుట యొక్కొక్క రైతు తన యింట చేయుటకంటె సంఘము చేయుట సులభము. ఇదియే మేము చెప్పదలచినది. తక్కినదంతయు దీనికి వివరణము.

ఈ మొక్క పుట్టుక

గ్లాడియోలస్ అనగా లాటిను భాషలో చిన్న కత్తి. ఆకు కత్తివలె నిలువుగ, పదునైన కొనతో నుండుటచే ఆ పేరు వచ్చినది. ఈ జాతిలో 250కి మించిన తెగలు కలవు. వానిలో చాల భాగము ఆఫ్రికా ఖండములో సహారా యెడారికి దక్షిణముననే, అందును ముఖ్యముగ దక్షిణాఫ్రికాలో పుట్టినవి. అచ్చటి కేప్ ప్రాంతమున వానలు చలికాలమున కురియును, వేసవి యంతయు పొడిగా నుండును. ట్రిస్టిస్ అను తెగ అచ్చట చలికాలపు వానకు మొలచి, వానలు వెనుకబట్టు వేళకు పూచి, వేసవి రాగానే ఆకు ఎండి, దుంపగా మిగిలి నిద్రించును. అదే దేశమున తూర్పు భాగమున వానలు వేసవిలో కురియును. అచ్చటి డాలెనీ అను తెగ వేసవి వానకు పెరిగి, పొడిగా నుండు చలికాలమున నిద్రించును. ఋతువులు వేఱైనను పద్ధతి యొక్కటే. తడి యున్న నెలలలో మేల్కొనుట, తడి లేని నెలలలో నిద్రించుట.

మధ్యధరా సముద్రపు తీరదేశములలోను, పాలస్తీనా ప్రాంతమునను గోధుమచేలలో కలుపుమొక్కగ మొలచు గ్లాడియోలస్ కూడ నొకటి కలదు. నాగలి దానిని చంపదు, పిల్లదుంపలను చాళ్లవెంట చల్లి మఱింత వ్యాపింపజేయును. మన తుంగగడ్డ సంగతి యెఱిగిన రైతునకు ఇది వింతగ తోపదు.

ఐరోపా తోటమాలులు ఈ తెగలను 1800 తరువాత కలిపి సంకరము చేయ నారంభించిరి. 1823లో లండను చెంతనున్న చెల్సీలో కోల్విల్ వారి నర్సరీలో నొక సంకరము పుట్టెను. 1841లో బెల్జియము దేశపు ఘెంట్ పట్టణమున వాన్ హూట్ అను వర్తకుడు గాండవెన్సిస్ అను పెద్దపూల సంకరమును అమ్మకమునకు తెచ్చెను. నేడు మన పూలబజారులో కనబడు పెద్దపూల రకములు ముఖ్యముగ వేసవి వానల ఆఫ్రికా తెగలనుండి దిగివచ్చినవే.

ఈ కథ యెందుకు చెప్పవలసి వచ్చినదనగా, "పొడిదేశపు మొక్క" అను మాటలోనే మోసమున్నది. ఎండిన చెఱువులో కప్ప బురద క్రింద దాగి బ్రతుకును. అంతమాత్రమున కప్పకు నీరక్కఱలేదని యెవ్వడును అనడు. గ్లాడియోలస్ దుంప నిద్రలో నున్నప్పుడు కఱవును సహించును. మొలక వెడలిన తరువాత సహింపదు. నీరక్కఱలేని పైరని చెప్పి దుంప లమ్మువాడు సగము నిజము చెప్పుచున్నాడు. ఆ మిగిలిన సగమునకు సొమ్ము చెల్లించువాడు రైతు.

నేల, నీరు, కాలము

నీరు బాగుగ దిగిపోవు ఎఱ్ఱ గరపనేలయు, చల్కయు ఈ పైరునకు తగినవి. నీరు నిలుచు నల్లరేగడియు, చౌడుభూమియు తగవు. చెట్టునీడ పనికిరాదు, నీడలో కాడ సాగి వ్రాలిపోవును. బాగుగ చివికిన పెంట ముందే వేసి కలియదున్నవలెను. పచ్చిపెంట వేసినచో దుంప క్రుళ్లును. అడుగు ఎడముగ బోదెలు వేసి, బోదెపై జానెడు ఎడముగ, రెండు మూడంగుళముల లోతున దుంపను నాటవలెను. సాలు సాలునకు 30 సెంటీమీటర్లు, దుంప దుంపకు 20 సెంటీమీటర్లు చొప్పున లెక్కించిన, కాలువలును గట్లును పోగా సెంటు భూమికి రమారమి 600 దుంపలు పట్టును. ఎకరమునకు లెక్కించిన 60,000. ఈ లెక్క చూచినవాడు ఎకరము మాట యెత్తడు. ఈ పైరు ఖర్చులో పెద్ద పాలు దుంపలదే.

నీటి విషయమున నొక్క సంగతి జ్ఞప్తి నుంచుకొనవలెను. మొక్క రెండు మూడాకులు వేసిన వేళకే లోపల, కంటికి కనబడక, పూకంకి రూపొందుట మొదలగును. ఆ నాటినుండి కంకి పైకి వెడలువఱకు నీటికి కొఱత వచ్చినచో కంకిలోని మొగ్గల సంఖ్య తగ్గును. తరువాత నెంత నీరు పెట్టినను ఆ మొగ్గలు తిరిగి రావు. వరిపైరు పొట్టతో నున్నప్పుడు నీరు తప్పింపరాదని మనవా రెఱుగుదురు. ఈ మొక్కకు ఆ దశ మూడవ ఆకునుండియే వచ్చును. కావున బావిలో నీరు మార్గశిరము దాటునో లేదో చూచుకొని గాని నాటరాదు. బిందుసేద్యపు గొట్టములున్నవారికి కొద్ది నీటితోనే జరుగును. వేరుసెనగ పొట్టు సాళ్లమధ్య పఱచినచో తడి నిలుచును. అయిదాఱాకులు వచ్చినపుడు మొదళ్లకు మట్టి యెగదోసినచో కాడ గాలికి పడదు.

మన దేశమున ఈ పైరునకు కాలము వానలు తగ్గిన తరువాత, చలి ముదురకముందు. సెప్టెంబరు నడుమనుండి నవంబరువఱకు నాటవచ్చును. రకమును బట్టి 60 మొదలు 100 దినములలో పూయును. క్రిస్మస్ పండుగకు పువ్వు కావలెనన్నచో సెప్టెంబరు చివర నాటవలెను, మాఘమాసపు పెండ్లిండ్లకు కావలెనన్నచో కార్తీకమున నాటవలెను. ఒక్క దినముననే యంతయు నాటక, పదునైదు దినముల కొకతూరి కొంచెము కొంచెముగ నాటుట మంచిది. మదనపల్లె, కుప్పము ఎగువసీమలయందును, హైదరాబాదు చుట్టుపట్ల చల్కలయందును ఈ చలికాలపు సాగు కుదురును. వేడి 40 డిగ్రీలు దాటు వేసవిలో దీనిని పూయింప జూచుట వ్యర్థశ్రమ.

నీటి గుణము

మెట్టసీమలలో నీటి కొలతయే గాక గుణమును చూడవలసియున్నది. లోతు బోరుబావుల నీట పలుచోట్ల ఫ్లోరైడు కలదు. దీనివలన పండ్లకును ఎముకలకును వచ్చు వ్యాధిని మన దేశమున వైద్యులు 1937లో మద్రాసు రాజధానిలోని నాటి నెల్లూరు జిల్లా గ్రామములను చూచి వర్ణించిరి. నల్లగొండ ప్రాంతపు బాధ యెల్లరు నెఱిగినదే. త్రాగునీట లీటరునకు 1 మిల్లీగ్రాము మించరాదనియు, వేఱు నీరు దొరకనిచో 1.5 వఱకు మాత్రమే సహింపవచ్చుననియు ప్రభుత్వపు ప్రమాణము.

గ్లాడియోలస్ ఫ్లోరైడును ఓర్వలేని మొక్కలలో మొదటిది. గాలిలో ఫ్లోరైడు వదలు కర్మాగారముల చెంత, కీడు తెలిసికొనుటకై పరిశోధకులు దీనినే గుఱుతుమొక్కగ నాటుదురు. ఆకు కొననుండి క్రిందికి గోధుమరంగుగ మాడుకొనివచ్చుట దాని లక్షణము. కోసిన కాడను లీటరునకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడున్న నీట నుంచిన చాలును, రేకుల యంచులు మాడి పువ్వు త్వరగ చెడును.

ఒక గ్రామమున మేము నాటించిన మడిలో ఆకుల కొనలు మాడినవి. ఎండదెబ్బ యని తలంచి నీరెక్కువ పెట్టుడని చెప్పితిమి. పెట్టినకొలదిని మాడుట హెచ్చెను. ఆ యూరి పిల్లల పండ్లపై గోధుమరంగు చారలను మే మంతకుముందే చూచియుంటిమి, కాని యా రెంటిని కలిపి యోచింపలేదు. బోరునీటిని పరీక్షకు పంపిన పిదపగాని మా కన్నులు తెఱవబడలేదు. ఆకు కొన మాడుట ఉప్పునీటివలనను, వడగాలివలనను గూడ కలుగవచ్చును గనుక ఆకును చూచియే తీర్పు చెప్పరాదు. కాని పూలమడిలో కొనలు మాడినవాడు తన బోరునీటిని తప్పక పరీక్ష చేయింపవలెను. ఆ నీటినే యింట పిల్లలు త్రాగుచుండిన యెడల పూలనష్టము చిన్న సంగతి. అట్టి చోట ఈ పైరును మానుకొనవలెనని మా సలహా.

మేము చేసిన తప్పు

ఇక ముఖ్యవిషయము. కొన్ని యేండ్ల క్రిందట నొక రైతు పొలమున రెండు సెంట్లలో మేము గ్లాడియోలస్ నాటించి చూపితిమి. పైరు బాగుగ వచ్చెను. కాడకు పదునాలుగు పదునైదు పువ్వులు నిలిచెను. చుట్టుపట్ల గ్రామములవారు బండ్లెక్కి వచ్చి చూచి పోయిరి. కొనవచ్చిన వర్తకుడు కాడ పొడవుగ నుండినగాని వెల రాదనెను. మేము సరే యంటిమి. కొడవలితో నేలమట్టమున, ఆకులతో సహా, కాడలను కోయించితిమి. వెల మంచిదే వచ్చెను. ఆ నాటి సాయంకాలము మేమును ఆ రైతును ఎంతో సంతసించితిమి.

మడికి నీరు పెట్టుట ఆ దినముతో ఆగెను. పూవు పోయిన మడికి నీరెందుకు? రెండు నెలల తరువాత త్రవ్వి చూచితిమి. నిమ్మకాయంత దుంపలు నాటినచోట పోకచెక్కంత దుంపలు వచ్చినవి. కొన్ని చోట్ల నవియును లేవు. మరుసటి యేడు వానినే నాటగా ఆకులు వచ్చినవి గాని కాడలు రాలేదు. ఆ రైతు మమ్ము నిష్ఠురముగ నేమియు ననలేదు. "అయ్యా, మీరు పువ్వు కోయుట చూపితిరి. కోసిన తరువాత నేమి చేయవలెనో చూపితిరి కారు" అని మాత్రము అనెను. ఆ మాట మాకు నేటికిని చెవులలో నున్నది. మా ప్రదర్శనము పువ్వుతోనే ముగిసినది, పైరు ముగియలేదు.

దీని కారణమును రైతు లెఱుగవలెను. నాటిన దుంప మఱల మనకు తిరిగి రాదు. అది తన బలమంతయు ఆకునకును కాడకును పోసి, ముడుచుకొని చచ్చును. దాని నెత్తిపై క్రొత్త దుంప యొకటి పుట్టును. పెద్ద దుంపకు ఒక్కొక్కప్పుడు రెండు పుట్టును. క్రొత్త దుంపకును పాత దుంపకును నడుమ చిన్న పిల్లదుంపలు గుంపుగ కాచును. ఈ క్రొత్త దుంపకు తిండి యెచ్చటినుండి వచ్చును? ఆకులనుండియే వచ్చును. అదియును ముఖ్యముగ పూవు కోసిన తరువాతి ఆఱు మొదలు ఎనిమిది వారములలో వచ్చును. ఆకులను కోసినవాడు రాబోవు యేటి పైరును కోసినవాడగుచున్నాడు.

కావున కోత యిట్లుండవలెను. అడుగుననున్న మొదటి రెండు మొగ్గలు రంగు చూపగనే, ప్రొద్దుటి చల్లదనమున గాని సాయంకాలము గాని, పదునైన కత్తితో, మొక్కకు నాలుగాకులకు తక్కువ గాకుండ మిగిల్చి, కాడను మాత్రము కోయవలెను. వెంటనే నీటిలో నిలువుగ నుంచవలెను. పండబెట్టినచో కాడ కొన ఆకాశమువైపు వంగి వెల చెడును. వర్తకుడు ఇంకను పొడవు కాడ యడిగినచో, ఆ పొడవు మన దుంపనుండి వచ్చుచున్నదని యెఱిగి, అంగుళము వెల యెంతో లెక్కించి మాటలాడవలెను.

కోత తరువాత నీరు మానరాదు. వారములకొలది తడి యుంచి, ఆకులు పసుపుపచ్చనగు వేళకు నీరు తగ్గించి, త్రవ్వుటకు రెండు మూడు వారముల ముందు పూర్తిగ ఆపవలెను. పిదప పార తగులకుండ గుచ్చి యెత్తి, ఆకు కోసి, నీడలో గాలి యాడు చోట రెండు మూడు వారములు ఆఱబెట్టవలెను. ఆఱిన తరువాత అడుగున నంటియున్న పాత దుంపను విఱిచి పాఱవేయవలెను. క్రుళ్లినవానిని, గోధుమరంగు మచ్చలు లోపలికి దిగినవానిని ఏరి కాల్చివేయవలెను. మంచివానిని లీటరు నీటికి 2 గ్రాముల కార్బెండజిమ్ కలిపిన మందునీట అరగంట ముంచి, మఱల నీడలో ఆఱబెట్టి దాచవలెను. ఎండు తెగులు దుంపతోను మట్టితోను వచ్చును, నేలలో నేండ్లతరబడి నిలుచును. అందుచే నొకసారి వేసిన మడిలో మఱల మూడు నాలుగేండ్లు ఈ పైరు వేయరాదు. ఆకులపై వెండి గీతలు పడినచో తామరపురుగు చేరినదని తెలిసికొని మొదటనే మందు చల్లింపవలెను.

దాచుటలోని చిక్కు

ఇంతవఱకు చెప్పినదంతయు రైతు తన చేతులతో చేసికొనగలడు. చిక్కు వచ్చునది దాచుటయందు. మాఘ ఫాల్గునములలో పూచిన పైరు దుంపలు చైత్ర వైశాఖములలో చేతికి వచ్చును. అప్పుడు మన యిండ్లలో వేడి యెంతయో చెప్పనక్కఱలేదు. గోనెసంచిలో కట్టి మూల పడవేసిన దుంప సగము ఎండును, సగము క్రుళ్లును. త్రవ్వి తీసిన దుంప కొన్ని నెలలపాటు నాటినను మొలవదు. ఆ నిద్ర ఒక్కసారిగ విడుటకు 4, 5 డిగ్రీల చలిలో రమారమి మూడు నెలలుంచుట యుక్తము. రెండు గంపల దుంపలు పట్టుకొని శీతల గిడ్డంగికి పోయిన రైతునకు అచ్చట తలుపు తీయువా రుండరు. ఏబది పెట్టెలు పట్టుకొని పోయిన సంఘమునకు తీయుదురు. ఇచ్చటనే సహకారము యొక్క అక్కఱ కనబడుచున్నది.

మన దేశమున సహకార పరపతి సంఘముల చట్టము 1904లో వచ్చినది. రైతును వడ్డీవర్తకుని చేతినుండి విడిపించుటయే దాని యుద్దేశము. అప్పు రూకలలోనే యుండనక్కఱలేదు. పూర్వము మన గ్రామములలో విత్తనపు ధాన్యము నాగులకిచ్చి, పంటనాడు ధాన్యముగనే తీసికొనుచుండిరి. ఆ పద్ధతి ధనవంతుని చేతిలో రైతునకు ఉరియైనది. సంఘము చేతిలో నదియే ఊత కాగలదు.

మా సూచనలు

1. సభ్యుల కందఱకును కావలసిన దుంపలను సంఘమే యొక్కతూరిగ, నమ్మకమైన చోట కొనవలెను. అడ్డముగ పెద్దదై చదునుగ నున్న దుంపకంటె, 4, 5 సెంటీమీటర్ల అడ్డము కలిగి ఎత్తుగ నున్న దుంప మేలు. బెంగుళూరు చెంత హెసరఘట్టలోని భారత ఉద్యాన పరిశోధన సంస్థవారు పుట్టించిన రకములలో ఎండు తెగులును తట్టుకొనునవి కలవు. ధీరజ్ అట్టిది. తెగులు భయమున్న నేలలకు ముందుగ దీనిని విచారింపవలెను.

2. దుంపలను అమ్మక, అప్పుగ నీయవలెను. 100 దుంపలు తీసికొన్న సభ్యుడు త్రవ్వునాటికి అంతే పరిమాణము గల 100 దుంపలను, తన మడిలో కాచిన పిల్లదుంపలలో సగమును సంఘమునకు చెల్లింపవలెను. దుంపకు దుంప తిరిగి వచ్చుటయే సాధారణము గనుక పెద్ద దుంపలలో వడ్డీ యడుగుట న్యాయము కాదు. పిల్లదుంపలే ఈ అప్పునకు తగిన వడ్డీ. పూలపై వచ్చిన రూకలు పూర్తిగ రైతువి.

3. పిల్లదుంపలను సంఘము తన మడిలో పెంచవలెను. అవి పూయు పరిమాణమునకు వచ్చుటకు రెండు కాలములైనను పట్టును. ఒక్క రైతు అంతవఱకు ఓర్చుట కష్టము, సంఘమునకు కష్టము కాదు. ఈ మడియే కొంతకాలమునకు క్రొత్త సభ్యులకు దుంప లిచ్చు కొట్టగును.

4. శీతల గిడ్డంగిలో సంఘము పేర స్థలము తీసికొని, పెట్టె పెట్టెపై సభ్యుని పేరును, రకమును, దుంపల లెక్కను వ్రాయవలెను. లెక్క లేని చోట సహకారము నిలువదు.

5. మొదటి యేడు ఏ సభ్యునకును రెండు సెంట్లకు మించి, అనగా 1,200 దుంపలకు మించి ఈయరాదు. త్రవ్వి చూపిన దుంపలను బట్టియే మరుసటి యేటి విస్తీర్ణము నిర్ణయింపవలెను. కోసిన కాడలను బట్టి నిర్ణయింపరాదు.

ఆక్షేపణలు

తిండిగింజల భూమిలో పూలేమి యని పెద్దలు కొందఱనుచున్నారు. ఆ మాటలో న్యాయము లేకపోలేదు. జొన్న వేయు చేనంతయు పూలకు మార్చుమనిన మేమును ఒప్పుకొనము. రెండు సెంట్ల భూమి గడ్డివామి క్రింద పోవు భూమియే. దానివలన గాదె తఱుగదు. మఱియు ఈ పువ్వు మన బంతి చామంతులవలె దండకు కూర్చునది కాదు, సువాసన లేనిది, దేవుని పూజకును స్త్రీల సిగలకును అంతగ వాడుకలో లేనిది. పెండ్లిపందిళ్లకును, సభల అలంకారమునకును, పూలకూజాలకును మాత్రమే దీని గిరాకి. ముహూర్తములు లేని దినములలో హైదరాబాదు గుడిమల్కాపురము బజారునందైనను, బెంగుళూరునందైనను వెల పడిపోవును. ఆ దినమున కోసిన పువ్వును దాచుట రైతు వశము కాదు. దీనిని తెలిసికొని దిగవలెను గాని, వెలలు హెచ్చియున్న దినపు మాట విని దిగరాదు.

అయినను ఒక్క భేదము గమనింపుడు. టమాట ధర పడిన యేడు రైతునకు పొలములో మిగులున దేమియు లేదు. గ్లాడియోలస్ ధర పడిన యేడు పూవు పోయినను దుంప మిగులును, ఆకులను కాపాడియున్న యెడల మాత్రమే. వడ్డీ రాని యేట అసలైనను నిలుచు పైరు ఇది. కఱవు సీమలో నట్టి పైరునకు విలువ కలదు.

చిన్ననాట బడిలో మేము విన్న తలాంతుల కథలో యజమాని యిచ్చిన ధనమును భూమిలో పాతిపెట్టినవాడు నిందపడెను. ఈ పైరులో దానికి మాఱుగ, పాతిపెట్టినదానిని మఱవనివాడే మంచి సేవకుడు. పూవు కోసిన దినమున మడిని విడిచి పోవువాడు నాడు మేము చేసిన తప్పునే చేయుచున్నాడు. మా తప్పునకు ఆ రైతు నష్టపడెను. ఆ నష్టము మఱియొక సభ్యునకు రాకుండుటకే దీనిని దాచక వ్రాసితిమి.

దుంపలమ్మువారు వానలు వెనుకబట్టు వేళకు మన యూళ్లకు వత్తురు. అంతకుముందే ప్రతి సంఘమును ఒక సభ చేసి, ఎవరికి ఎన్ని సెంట్లు, ఎవరి బావిలో నీరెంత, ఆ నీటి గుణమెట్టిది, దుంపలు దాచు చోటేది అను నాలుగు ప్రశ్నలకు బదులు వ్రాసికొనవలెనని ప్రార్థించుచున్నాము. ఈ నాలుగింటికి బదులు దొరకని గ్రామమున ఈ యేటికి పువ్వు మానుటయే లాభము. బదులు దొరికిన గ్రామమునకు మేము వచ్చి నాటుట చూపెదము, కోయుట చూపెదము, ఈ సారి త్రవ్వుటయు చూపెదము.